చెలిమి, చదువు, రాజకీయము

ద్రోణుడును ద్రుపదుడును సహాధ్యాయులు. ఒకే ఆశ్రమమున ఒకే గురువునొద్ద చదువుకొన్నవారు. ఆ దినములలో ద్రుపదుడు తాను రాజైన పిమ్మట తన భోగభాగ్యములలో మిత్రునికి కూడ పాలు కలదని మాట ఇచ్చినాడు. కాలము గడచినది. ఒకడు పాంచాలమునకు ప్రభువైనాడు. మరియొకడు కన్నకొడుకునకు గుక్కెడు పాలు సమకూర్పలేని పేదవాడైనాడు. పాత చెలిమిని తలచుకొని గుమ్మము తొక్కిన ద్రోణునికి నిండుసభలో లభించిన సమాధానము మన ఇండ్లలో పిల్లలకు కూడ తెలిసినదే. రాజునకును పేదకును స్నేహమెట్లు పొసగునని ద్రుపదుడు ప్రశ్నించినాడు. ఆ అవమానమునుండి పగ పుట్టినది. ద్రోణుడు కురుకుమారులకు విలువిద్య నేర్పి, గురుదక్షిణగా ద్రుపదుని పట్టి తెప్పించుకొని, సగము రాజ్యము తాను ఉంచుకొన్నాడు. ద్రుపదుడు ద్రోణుని చంపగల కొడుకునకై యజ్ఞము చేసినాడు. ఒక చదువుల చెలిమి చెడి, దాని ఫలము కురుక్షేత్రము వరకు నడచినది.

మేము ముప్పది యేండ్లకు పైగా సమాజశాస్త్రము బోధించినవారము. ఈ కథ చదివినప్పుడెల్ల మాకొక సందేహము కలుగుచుండును. ద్రుపదుడు చెప్పినది అబద్ధమా? కాదు. వియ్యమునకైనను కయ్యమునకైనను సమత ఉండవలెనని మనవారే అనుచుందురు. ఏ పట్టణమునకైనను పోయి, ఎవరు ఎవరి ఇంట భోజనము చేయుచున్నారో, ఎవరు ఎవరికి చేబదులిచ్చుచున్నారో వ్రాసికొని చూడుడు. చాలవరకు ఒక కులమువారు, ఒక ఆదాయమువారు, ఒక వీధివారు తమలో తాము చెలిమి చేయుచుందురు. ద్రుపదుడు లోకమును ఉన్నదున్నట్లు వర్ణించినాడు. ఆయన పొరపాటు మరియొక చోట ఉన్నది. రాజకుమారుడును పేదపిల్లవాడును ఒకే చాపమీద కూర్చుండుటకే గురుకులము ఏర్పడినది. అచ్చట కుదిరిన చెలిమిని ఆయన సింహాసనపు కొలతతో కొలిచినాడు.

నేటి విశ్వవిద్యాలయము అట్టి చాప. దానిమీద కుదిరిన స్నేహములకును, వెలుపల నడచు రాజకీయములకును ఉన్న సంబంధమును గూర్చి కొన్ని మాటలు ఈ ప్రసంగమున మనవి చేయదలచినాము. ఇందు ఇతరుల అనుభవములు కలవు. మా తప్పు కూడ ఒకటి కలదు.

ముందుగా ఒక భేదమును గుర్తింపవలెను. మన భాషలో "మనవాడు" అను మాట ఒకటి ఉన్నది. ఎంత తీయని మాటయో అంత ప్రమాదకరమైన మాట. ఉద్యోగమునకు ఎంపిక జరుగుచున్నప్పుడు "మనవాడు ఒకడు ఉన్నాడు" అందురు. పరిశోధన గ్రంథమునకు పరీక్షకుని వెదకునప్పుడు "మనవానికే పంపుడు" అందురు. ఒకరి పుస్తకమును ఒకరు పొగడుకొనుట, ఒకరి శిష్యునికి ఒకరు పట్టము ఇప్పించుట, ఇవన్నియు స్నేహమను పేరుతోనే జరుగుచుండును. విద్యాజీవితములో కొంతకాలము గడపినవారికి ఇది కొత్త సంగతి కాదు. ఇది స్నేహము కాదు, లావాదేవీ. లావాదేవీలో ఇచ్చిపుచ్చుకొనుటకు లెక్క ఉండును. లెక్క తేలినచో మాటలు ఆగిపోవును.

మరి స్నేహమనగా ఏమి? పండితులు అనేక నిర్వచనములు చెప్పినారు. మాకు తోచినంతలో, మనకు మింగుడుపడని నిజమును ఎవరి నోట విని కూడ మనము లేచి పోకుండ కూర్చుండగలమో, అతడు స్నేహితుడు. ఈ మాటకు ఆధారము ఒక జర్మను సమాజశాస్త్రజ్ఞుని ఉపన్యాసములో దొరకినది. మాక్స్ వేబర్ 1917 నవంబరులో మ్యూనిక్ నగరమున విద్యార్థుల సమక్షమున విజ్ఞానము వృత్తిగా గలవారి ధర్మమును గూర్చి ప్రసంగించినారు. బోధనావేదిక పక్షప్రచారమునకు తగిన చోటు కాదని ఆయన వాదము. ఉపాధ్యాయుని మొదటి కర్తవ్యము, విద్యార్థి యొక్క రాజకీయాభిప్రాయమునకు అడ్డువచ్చు వాస్తవములను అతనిచేత అంగీకరింపజేయుట. ప్రతి పక్షమునకును అట్టి వాస్తవములు కొన్ని ఉండునని, ఉపాధ్యాయుని సొంత అభిప్రాయము కూడ దీనికి మినహాయింపు కాదని ఆయన స్పష్టము చేసినారు.

వేబరు ఈ మాట వట్టిగా చెప్పినవారు కారు. జార్జి సిమ్మెల్ అను మేధావి బెర్లినులో పేరెన్నికగన్న ఉపన్యాసకుడై యుండియు, యూదుసంతతివాడగుటచేత ఏండ్ల తరబడి ఆచార్యపదవి పొందలేకపోయినాడు. 1908లో ఆయనను హైడల్‌బర్గునకు రప్పించుటకు వేబరు పాటుపడినారు. బెర్లినులోని ఒక చరిత్రాచార్యుడు జాతిద్వేషముతో నిండిన లేఖ వ్రాసినాడు. ఆ యత్నము నిష్ఫలమైనది. సిమ్మెల్‌కు పూర్తి ఆచార్యపదవి 1914లో స్ట్రాస్‌బర్గున లభించునప్పటికి ఆయన వయస్సు 56. రాబర్టు మిషెల్స్ అను మరియొక యువకుడు సోషలిస్టు పక్షమున ఉండుటచేత జర్మనీలో అధ్యాపకత్వమునకు అర్హుడు కాలేదు. ఇటలీలోని ట్యూరిన్ నగరమునకు వలస పోయినాడు. వేబరు సోషలిస్టు కారు. అయినను ఇట్టి చోట విద్యాస్వాతంత్ర్యము ఉన్నదనుట హాస్యాస్పదమని 1908లో పత్రికాముఖమున నిలదీసినారు. రాజకీయ పక్షములు ఎంత ప్రజాస్వామ్యముతో ఆరంభమైనను తుదకు కొద్దిమంది చేతులలోనికి పోవునని మిషెల్స్ వ్రాసిన ప్రసిద్ధ గ్రంథము 1911లో వెలువడినది. ఆయన దానిని వేబరునకే అంకితమిచ్చినారు.

"మనవాడు" అనిపించుకొనుటకును, స్నేహితుడు అనిపించుకొనుటకును భేదము ఇచ్చట స్పష్టమగుచున్నది. తన పక్షముకాని వానికై నిలుచుట స్నేహము. కాని కథ ఇంతటితో ముగియలేదు. 1915లో ఇటలీ జర్మను కూటమికి ఎదురు తిరిగి యుద్ధమున దిగినది. మిషెల్స్ ఇటలీ పక్షమున వ్రాసినాడు. వేబరు గొప్ప జాతీయాభిమాని. ఆ వ్రాతలు ఆయనకు మింగుడుపడలేదు. చెలిమి తెగిపోయినది. మింగుడుపడని నిజములను గూర్చి ఆ ఉపన్యాసము చెప్పిన మహనీయుడే, రెండేండ్లకు ముందు, మిత్రుని కలము జాతివైపు తిరిగినంతనే ఓర్పు కోల్పోయినాడు. ఇది వేబరును చిన్నబుచ్చుటకు చెప్పుట లేదు. అంతటివాని వల్లనే కానిది మనవంటివారికి తేలిక కాదని చెప్పుటకు మాత్రమే.

స్నేహమును రాజకీయము తెంచిన కథలలో రేడియోకు సంబంధించినది కూడ ఒకటి ఉన్నది. రేడియో శ్రోతలకు అది ఆసక్తి కలిగింపగలదు.

రేమండ్ అరోన్, ఝాఁ పాల్ సార్త్ర్ ఇద్దరును 1905లో పుట్టినవారు. 1924లో ప్యారిస్ నగరములోని ఎకోల్ నార్మాల్ సుపీరియర్ అను ప్రఖ్యాత విద్యాలయమున చేరి మిత్రులైనారు. ఒకరినొకరు "చిన్ని సహపాఠీ" అను అర్థము వచ్చు ముద్దుపేరుతో పిలుచుకొనెడివారు. తమలో ఎవరు ముందు పోయినను, మిగిలినవారు పాఠశాల పూర్వవిద్యార్థుల పత్రికలో పోయినవానిని గూర్చి వ్రాయవలెనని ఇరువదేండ్ల ప్రాయమున ఒడంబడిక చేసికొన్నారు. జర్మనీలో అప్పుడు ప్రచారమున ఉన్న కొత్త తత్త్వవిచారమును సార్త్ర్‌కు పరిచయము చేసినది అరోనే. 1945లో సార్త్ర్ స్థాపించిన పత్రిక సంపాదకవర్గములో అరోన్ కూడ ఉన్నాడు.

1947 అక్టోబరులో ఆ పత్రికవారి కార్యక్రమమొకటి ఫ్రెంచి రేడియోలో ప్రసారమైనది. అందులో జనరల్ డీగాల్‌ను హిట్లరుతో పోల్చినారు. దేశమంతయు గగ్గోలు పుట్టినది. డీగాల్ అనుచరులు సార్త్ర్‌ను ఎదుర్కొనుటకు రేడియో కేంద్రమునకు వచ్చినారు. అరోన్ కూడ ఆ గదిలో ఉన్నాడు. ఆ సమయమున ఆయన డీగాల్ పక్షమునకు చేరువగా ఉన్నవాడు. వచ్చినవారు సార్త్ర్‌ను దూషించుచుండగా ఆయన వారితో గొంతు కలపలేదు. మిత్రుని పక్షమున నోరు విప్పనూ లేదు. ఊరకున్నాడు. ఆ మౌనమును సార్త్ర్ క్షమింపలేదు. ఇరువది మూడేండ్ల చెలిమి ఒక రేడియో గదిలో ముగిసినది.

ఆ తరువాత ఇద్దరును రెండు శిబిరములైనారు. అరోన్ పత్రికారచన చేయుచునే 1955లో సొర్బాన్ విశ్వవిద్యాలయమున సమాజశాస్త్రాచార్యుడైనాడు. అదే ఏట, కమ్యూనిజము మేధావులకు నల్లమందువంటిది అయినదని విమర్శించుచు ఒక గ్రంథము వ్రాసినాడు. వామపక్షమువారు ఆయనను ద్వేషించినారు. కాని 1957లో అల్జీరియాకు స్వాతంత్ర్యము ఇచ్చుట తప్పదని చిన్నపుస్తకము వ్రాసినప్పుడు ఆయనను తిట్టినవారు ఆయన పత్రికను చదువు దక్షిణపక్షమువారే. తన పక్షమునకు మింగుడుపడని నిజమును తానే చెప్పుట ఇట్టిది. ఎదుటిపక్షమునకు అప్రియము చెప్పుటకు ధైర్యము అక్కరలేదు. మనవారి చప్పట్లే ధైర్యము నిచ్చును. మనవారికి చెప్పునప్పుడు చప్పట్లు ఉండవు.

1979 జూనులో వియత్నాము నుండి పడవలలో పారిపోవుచు సముద్రముపాలగుచున్న జనులకై ప్యారిస్‌లో ఒక యత్నము జరిగినది. రెండు పక్షములవారిని పిలిచినారు. సార్త్ర్ అప్పటికి దాదాపు చూపు కోల్పోయినాడు. ఒకరు చేయిపట్టి నడిపించుకొని వచ్చినారు. అరోన్ లేచి చేయి కలిపి, యౌవనములోని ఆ ముద్దుపేరుతోనే పలుకరించినాడు. పత్రికలవారు అది గొప్ప సమాధానమని వ్రాసినారు. వాస్తవమునకు పాత చెలిమి తిరిగి మొలకెత్తలేదు. అందుకు కాలము కూడ మిగులలేదు. 1980 ఏప్రిలులో సార్త్ర్ మరణించినాడు. అప్పుడు అరోన్ వ్రాసిన వ్యాసమున ఇరువదేండ్లనాటి ఆ ఒడంబడికను తలచుకొన్నాడు. అది ఇక చెల్లదని కూడ అన్నాడు. ఈ ఘట్టము చదివినప్పుడు మాకు ఆ కరచాలనముకంటె, నడుమ జారిపోయిన ముప్పదిరెండేండ్లు ఎక్కువగా కనబడినవి.

ఫ్రాన్సును విడచి మన దేశమునకు వత్తము. రాజకీయము ఒక చేత్తో తీసికొన్నదానిని స్నేహము మరియొక చేత్తో తిరిగి ఇచ్చిన సందర్భము కూడ మన శాస్త్రచరిత్రలో ఉన్నది.

మైసూరులో 1916లో జన్మించిన ఎం. ఎన్. శ్రీనివాస్ బొంబాయిలోను, ఆక్స్‌ఫర్డులోను చదివి, 1948లో మైసూరు ప్రాంతమున ఒక పల్లెలో కాపురము పెట్టినారు. గ్రంథములో ఆ పల్లెకు రామపురమని పేరు పెట్టినారు. అప్పటికి అచ్చట ఉన్నవారు సుమారు 1500 మంది. గ్రామపెద్ద తన ఎడ్లకొట్టపు ఇంటిలో ఆయనకు చోటిచ్చినాడు. పండితుడు ఎడ్ల ప్రక్కన ఉండి, వచ్చిపోవువారి మాటలు వినుచు, వ్రాసికొనుచు ఉండెడివాడు. ఓట్ల నిధి, అనగా నేడు పసిపిల్లలు కూడ పలుకుచున్న "ఓటు బ్యాంకు" అను మాటను 1955లో ప్రచురించిన వ్యాసమున వాడుకలోనికి తెచ్చినది ఆయనయే. ఇప్పుడు ఆ మాటను ఏ కులమునకో, ఏ మతమునకో అంటగట్టుచున్నారు. ఆయన చూపినది అది కాదు. పల్లెలో ఒక పెద్దమనిషి తనపై ఆధారపడినవారి ఓట్లను దాచిన ధనమువలె చేతిలో ఉంచుకొనును. పట్టణమునుండి వచ్చిన నాయకుడు ఓటరును కాక ఆ పెద్దమనిషిని కలిసికొనును. అనగా "మనవాడు" అను సంబంధమే పెట్టెలో ఓటుగా మారుచున్నది. విశ్వవిద్యాలయములో మేము చూచిన లావాదేవీయే పల్లెలో ఆయన చూచినారు.

1970లో శ్రీనివాస్ అమెరికాలో స్టాన్‌ఫర్డునందలి ఒక పరిశోధనకేంద్రమున ఉండి రామపురమును గూర్చి గ్రంథము వ్రాయుటకు సిద్ధమగుచున్నారు. అది వియత్నాము యుద్ధమునకు వ్యతిరేకముగా విద్యార్థుల ఆందోళనలు చెలరేగుచున్న కాలము. ఏప్రిలు 24వ తేదీ తెల్లవారుజామున ఎవరో ఆ భవనమునకు నిప్పు పెట్టినారు. ఆయన గది కాలినది. ఏండ్ల తరబడి కూర్చి శుద్ధప్రతులుగా వ్రాయించుకొన్న పత్రముల మూడు ప్రతులును ఆ గదిలోనే ఉన్నవి. మూడును బూడిదయైనవి. మైసూరు రైతునకును, ఆ యుద్ధమునకును సంబంధమేమి? ఏమియు లేదు. రాజకీయావేశము మంటపెట్టునప్పుడు ఎవరి కాగితములు కాలునో చూడదు.

అప్పుడు సాల్ టాక్స్ అను సహపరిశోధకుడు ఆయనకొక సలహా చెప్పినాడు: పత్రములు లేకున్ననేమి, జ్ఞాపకమునుండి వ్రాయవచ్చును గదా! ఆ ప్రోత్సాహముతో వ్రాసినది 1976లో వెలువడిన "ది రిమెంబర్డ్ విలేజ్" అను గ్రంథము. అందు లెక్కల పట్టికలు తక్కువ, మనుష్యులు ఎక్కువ. గ్రామపెద్ద, ఆయన మిత్రులు, వారి కోపములు, పరిహాసములు, దొంగతనములు, పంటలు అన్నియు కన్నులకు కట్టును. పత్రములు కాలిపోయినను మిగిలినది ఏమి? చెలిమితో చూచినది మిగిలినది. పని గడుపుకొనుటకు మాత్రమే చూచిన మనుష్యులైనచో పత్రములతోపాటే పోయెడివారు.

ఇట్టి సహకారమునకు మన తెలుగుసీమలోనే మరియొక దృష్టాంతము కలదు. 1951–52లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునుండి ఎస్. సి. దూబే హైదరాబాదు సమీపమున ఉన్న శామీర్‌పేట గ్రామమును పరిశీలించినప్పుడు ఆయన ఒంటరిగా పోలేదు. వ్యవసాయశాస్త్రము, వైద్యము, పశువైద్యము నేర్చినవారు కూడ వెంట నడచినారు. 1955లో "ఇండియన్ విలేజ్" అను గ్రంథము వెలువడినది. ఎద్దు జబ్బును గూర్చి పశువైద్యుని అడుగక సమాజశాస్త్రజ్ఞుడు తానే ఊహించినచో పొరబడును. చదువు కూడ ఒకరి తప్పును ఒకరు దిద్దుకొను చెలిమియే.

ఇంతవరకు ఇతరుల సంగతులు చెప్పినాము. ఇక మా సంగతి.

మాకు ఒక మిత్రుడు కలడు. విద్యార్థి దినములలో ఒకే గదిలో ఉన్నాము. తరువాత ఒకే విశ్వవిద్యాలయమున ఆయన అర్థశాస్త్రమును, మేము సమాజశాస్త్రమును బోధించినాము. మా ఊరు కృష్ణా డెల్టాలోనిది. కాలువగట్టున పుట్టి పెరిగినవారము. ఆయనది నల్లగొండ ప్రాంతమున మెట్టపల్లె. పండుగకు మా ఇంటినుండి వచ్చిన అరిసెలు ఆయనవి. ఆయన ఇంటినుండి వచ్చిన సకినాలు మావి. రాష్ట్ర విభజన సమస్య 2009 డిసెంబరు తరువాత మరల తీవ్రమైనప్పుడు కూడ మొదటి ఏడాది మేమిద్దరము వాదించుకొనుచు, కలసియే తేనీరు త్రాగుచుంటిమి.

2011 జనవరిలో శ్రీకృష్ణ సంఘము నివేదిక వెలుగుచూచిన దినములలో మేము ఒక పత్రికకు వ్యాసము వ్రాసినాము. జిల్లాలవారీగా సాగునీరు అందిన విస్తీర్ణమును చూపు పట్టిక ఒకటి అందులో ఉంచి, తెలంగాణమున కూడ సేద్యపునీటి విస్తీర్ణము ఎంతో పెరిగినదని వాదించినాము. ఒక్క అంకెయు అబద్ధము కాదు. మిత్రుడు ఆ పత్రిక చేత పట్టుకొని మా గదికి వచ్చి, "ఇందులో రెండవ వరుస ఏదోయ్?" అని అడిగినాడు. ఏ వరుస అన్నాము. "కాలువ నీరు ఎంత, బావి నీరు ఎంత అన్న వరుస. మీకు నీరు కాలువలో వచ్చినది. మాకు అప్పుచేసి బోరు త్రవ్వినచో వచ్చినది. రెండును కలిపి ఒకే అంకెగా వేసినచో ఎట్లు?" అన్నాడు.

ఆ వరుస మాకు తెలియును. మూలపత్రమున చూచినాము. వ్యాసము పెద్దదగునని వదలినామని మాకు మేము చెప్పుకొన్నాము; నిజమునకు వాదము చిన్నదగునని వదలినాము. అప్పుడు ఒప్పుకొన్నచో ఇంతటితో పోయెడిది. కాని మేము, "నీవు ఆ ప్రాంతమువాడవు కనుక అట్లు అనుచున్నావు" అన్నాము.

మనుష్యుని అభిప్రాయమునకును, అతడు పుట్టిన చోటునకును సంబంధము కలదని మా శాస్త్రము బోధించును. కార్ల్ మాన్‌హైమ్ వంటివారు దానిని గూర్చి గ్రంథములు వ్రాసినారు. మేము ఆ పాఠమును ఏండ్ల తరబడి తరగతిలో చెప్పినవారము. ఆ దినమున దానినే కత్తిగా వాడినాము. ఒకడు చెప్పిన మాట నిజమా కాదా అని చూడక, చెప్పినవాడు ఎచ్చటివాడని చూచుట వాదము కాదు. వాని నోరు మూయుట. పైగా ఆ సూత్రమును మాకు మేము అన్వయించుకొనలేదు. కాలువగట్టున పుట్టుటచేతనే మాకు బావుల వరుస అనవసరమని తోచినదేమో అని అనుమానము కూడ రాలేదు. మిత్రుడు ఆ పత్రికను బల్లమీద ఉంచి వెళ్ళిపోయినాడు. అటుపిమ్మట ఐదేండ్లు మేమిద్దరము ఎదురుపడినప్పుడు తలలు ఊపుకొన్నామే కాని మాటలాడుకొనలేదు. 2014 జూన్ 2వ తేదీన కొత్త రాష్ట్రము ఏర్పడినది. మా నడుమ సరిహద్దు అంతకు ముందే ఏర్పడినది.

2016లో పాత వ్యాసములను పుస్తకముగా కూర్చుచు ఆ పట్టికయొద్దకు వచ్చినాము. చేయి ఆడలేదు. దానిని తీసివేయవచ్చును, ఎవరును అడుగరు. ఉన్నదున్నట్లు అచ్చువేయవచ్చును, ఒక్కడు తప్ప ఎవరును గమనింపరు. ఆ ఒక్కడే మాకు అడ్డమైనాడు. రెండు దినములు ఆలోచించి టెలిఫోను చేసినాము. అటునుండి వచ్చిన మొదటి మాట, "ఏమోయ్, బావుల లెక్క కావలెనా?" అని! మాకు నోట మాట రాలేదు. మరునాడు కాగితములు తీసికొని తానే వచ్చినాడు. రెండవ వరుసతోనే ఆ పట్టిక అచ్చైనది. మా వాదము కొంత తగ్గినది, వ్యాసము బాగుపడినది. లేచి పోవునప్పుడు ఆయన నవ్వుచు, "ఆ కాలమున నేను వ్రాసిన దానిలోను ఒక వరుస తక్కువే. రాజధాని రాబడి లెక్క. నీవు అడుగుదువని ఎదురుచూచినాను" అన్నాడు. మాటలాడుకొన్నచో రెండు వ్యాసములును ఆ ఏడే బాగుపడి ఉండెడివి. మౌనముచేత ఐదేండ్లపాటు రెండును తప్పుగానే నిలచినవి. ఆ నష్టము మా ఇద్దరిది మాత్రమే కాదు, చదివినవారిది కూడ.

ఇది గడచిన కథ. నేటి సంగతి ఏమి? ఇప్పుడు తేనీటి బల్లల స్థానమున చేతి టెలిఫోనులలో మిత్రబృందములు వెలసినవి. మా తరగతివారిదియు ఒకటి ఉన్నది. మనుమల ఫొటోలు, మోకాళ్ళ నొప్పులకు చిట్కాలు, పాత ఉపాధ్యాయుల వార్తలు అందులో నడచుచుండును. 2024 మే 13వ తేదీన రెండు తెలుగు రాష్ట్రములలోను ఓట్లు పడినవి. దానికి ముందు నెలలో మా బృందమునుండి నలుగురు వెళ్ళిపోయినారు. ఏ వాదముచేత? వాదమే జరుగలేదు. ఎవరో తయారుచేసిన ఒక బొమ్మను ఒకరు పంపినారు; దానికి బదులుగా ఎవరో తయారుచేసిన మరియొక బొమ్మను ఇంకొకరు పంపినారు. అరువు తెచ్చిన కోపముతో సొంత స్నేహితులను పోగొట్టుకొన్నారు. ఆ బొమ్మలు చేసినవారికి వీరి పేర్లు కూడ తెలియవు.

రాజకీయము చెడ్డదని, మిత్రులు దానిని గూర్చి మాటలాడరాదని మేము చెప్పుట లేదు. నీరు, భూమి, చదువు, ఉద్యోగము అన్నియు రాజకీయము చేతిలో ఉన్నవి; వానిని గూర్చి నోరు మూసికొన్న స్నేహము పండుగ పలకరింపుగా మిగులును. అరోన్ మౌనము స్నేహమును కాపాడలేదు గదా! అట్లే, ఏ మాటనైనను సహింపవలెననియు చెప్పజాలము. తోటి మనిషిని హీనునిగా చూచు మాటను సహించుట స్నేహము కాదు. ఈ రెంటికి నడుమ విశాలమైన చోటు కలదు. చాల అభిప్రాయభేదములు అచ్చటనే ఉన్నవి.

ఆ చోటిలో నడచుటకు మా అనుభవమునుండి రెండు సూచనలు మాత్రము చెప్పగలము. మొదటిది: మిత్రుడు ఒక మాట అన్నప్పుడు అతడు ఎవడని కాక, అది నిజమా అని ముందు అడుగవలెను. ఎవడు అన్న ప్రశ్నను మొదట మనకు వేసికొనవలెను. రెండవది: మన పక్షపు వాదమున లోపించిన వరుస ఏదో మనమే వెదకి, మనవారి ఎదుట చెప్పవలెను. ఇది చేయగలవాడు ఎదుటిపక్షమున ఒక్క మిత్రునినైనను నిలుపుకొనగలడు. అట్టి మిత్రుడు ఒక్కడైనను లేనివాడు తన తప్పులను ఎవరివలన తెలిసికొనును? తనవారు చెప్పరు, పగవారు చెప్పినచో తాను వినడు.

ద్రుపదుని కొడుకు ధృష్టద్యుమ్నుడు ద్రోణుని చంపుటకే పుట్టినవాడు. అయినను ద్రోణుడు అతనికి విలువిద్య నేర్పినాడని భారతము చెప్పుచున్నది. ఇది మాకు ఎప్పుడును ఆశ్చర్యము కలిగించు ఘట్టము. స్నేహము చచ్చినను చదువు తన ధర్మమును విడువలేదు. మిత్రునికి మాట తప్పిన రాజును ఓడించి సగము రాజ్యము తీసికొన్నవాడు, ఆ రాజు కొడుకునకు చాపమీద చోటు లేదనలేదు. ఆ చాపను మనము చుట్టి మూల పెట్టకుండుట మంచిది. దానిమీద కూర్చుండువారు నేడు ఒకరితో ఒకరు కలహించినను, రేపు ఒకరినొకరు "రెండవ వరుస ఏదోయ్?" అని అడుగుటకు అచ్చటనే వీలుండును.